గీత లేని ఆరు

తోకమ్మ వాళ్ళ అక్క ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన చోట మనం ఆగాం. ఆ సున్నాలో ఒక సీసా మూత ఉంది, మూత మీద ఒక అంకె ఉంది, ఆ అంకెలో తోకమ్మ ఆరేళ్ళ చదువు ఇరుక్కుని ఉంది.

తోకమ్మ అన్నది ల్యాబ్‌లో వాళ్ళు పెట్టిన పేరు. వేలెడంత చేపల తోక కొస కత్తిరిస్తే అది మళ్ళీ ఎలా మొలుస్తుందో చూడటం ఆమె పని. చుట్టాలెవరైనా "ఏం చదువుతున్నావే?" అంటే "తోకలు" అని చెప్పి తప్పించుకునేది. ఒక మందు కలిపిన నీళ్ళలో పెడితే ఆ చేపలకి తోక రాదు. ఎందుకు రాదంటే, ఆ మందు ఒంట్లో ఉన్న ఒక ప్రొటీన్‌ని మాయం చేస్తుంది కాబట్టి. పేపరంతా ఈ ఒక్క "కాబట్టి" మీదే నిలబడి ఉంది. మూడు జర్నళ్ళు వద్దన్న పేపరుని నాలుగోది ఒప్పుకుంది. అచ్చుకి ముందు ఆఖరిసారి చూసుకోండని ప్రూఫులు పంపింది. గడువు ఈరోజు సాయంత్రం అయిదు గంటలు.

అక్క అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి. జీవశాస్త్రంలో ఓనమాలు రావు గానీ, కామా తప్పితే ఆమెకి కలలోకొస్తుంది. పొద్దున్న ఏడింటికి టీ తాగుతూ ప్రూఫులు తిరగేసి, చివరి పేజీలో ఉన్న ఫొటో దగ్గర ఆగిపోయింది.

ఆ ఫొటోకి కారణం జర్నల్ తరఫున పేపరుని పరీక్షించే రెండో రివ్యూయరు. వాడెవడో తెలీదు, పేరుండదు, మొహం ఉండదు, ప్రతి పేపరుకీ ఒకడు మాత్రం తయారుగా ఉంటాడు. "ప్రొటీన్ మాయమవుతుందని ఊహిస్తే చాలదు, పట్టీలు తీసి చూపించండి, ఏ పట్టీ ఏ సీసాలోంచి వచ్చిందో మొత్తం వరసతో సహా" అని పట్టుబట్టాడు. తోకమ్మ పన్నెండు తొట్ల చేపల తోకల రసం పన్నెండు సీసాల్లో పట్టి, ఎందులో ఎంత ప్రొటీన్ ఉందో చూపే పట్టీలు మొదటిసారి తీసి, ఆ సీసాలన్నీ వరసగా నిలబెట్టి, పైనుంచి మూతలు కనబడేలా ఫొటో తీసి పెట్టింది. ఆరో తొట్టి చేపలకి మందు. తొమ్మిదో తొట్టికి ఉత్త నీళ్ళు. మిగతావి వేరే మందులవి, వాటితో మనకి పని లేదు.

"ఈ ఆరు ఎవరు రాశారే?" అంది అక్క.

"నేనే."

"నీ ఆరు కాదిది. నీ ఆరుకి నడుం వంగి ఉంటుంది. నీ తొమ్మిదే కర్ర మింగినట్టు నిలబడుతుంది. నీకు పలక మీద అంకెలు దిద్దించింది నేనే కదే, ఎన్ని మొట్టికాయలు వేసినా ఆ తొమ్మిది మాత్రం వంగలేదు. ఇది తొమ్మిది. తలకిందులుగా ఉంది, అంతే."

గుండ్రటి మూతకి తలా తోకా ఉండదు. అందుకే ఆ ల్యాబ్‌లో ఒక కట్టుబాటు ఉంది: మూత మీద ఆరు రాసినా, తొమ్మిది రాసినా కింద గీత గీయాలి. గీత ఎటుంటే అది కింద. చేరిన మొదటిరోజు నేర్పేది అదే. ఆ మూతల మీద అంకెలు వేసిన రోజున తోకమ్మకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పన్నెండు మూతల మీదా అంకెలు వేసింది. రెండు గీతలు మరిచిపోయింది.

అంటే మందు తాగిన చేపల సీసాని నీళ్ళ సీసా అనుకుంది. నీళ్ళదాన్ని మందుది అనుకుంది. ఇక్కడి నుంచి చదవండి.

పదకొండు కావడానికి పది నిమిషాలుండగా తోకమ్మ తన గైడు సార్ గది తలుపు తట్టింది. కిటికీ ఏసీ నీళ్ళు ప్లాస్టిక్ మగ్గులో టప్పుటప్పుమని పడుతున్నాయి. గోడ పొడుగునా పాత విద్యార్థుల థీసిస్‌లు, నల్ల అట్టల మీద బంగారు అక్షరాలతో. చివరి అరలో ఒక్క పుస్తకం పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ తనదేనని ఆమె ఆరేళ్ళుగా అనుకుంటోంది. బల్ల మీద ఆమె థీసిస్ ఫారం వారంరోజులుగా పడి ఉంది. కింద చుక్కల గీత మీద సార్ సంతకం ఒక్కటే బాకీ.

సార్ ఎవరిదో డ్రాఫ్టు దిద్దుతున్నారు, ఎప్పటిలాగే ఆకుపచ్చ సిరాతో. ఆ ల్యాబ్‌లో చదివినవాళ్ళెవరూ ఆకుపచ్చ బట్టలు కొనుక్కోరు.

"రామ్మా. మీ అక్కగారు కామాలు పట్టేశారా?"

"సార్, వెనక పేజీల్లో ఒక తప్పుంది."

"స్పెల్లింగా?"

"కాదు సార్. ఆరు, తొమ్మిది."

పెన్ను ఆగింది. సార్ కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. "ఆ మూతలు చూసి కంగారుపడకు. ఫొటోలో ఏం తెలుస్తుంది? వెలుతురు ఎటుందో, చెయ్యి ఎటు కదిలిందో."

తోకమ్మకి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ ముంచుకొస్తున్న ఏడుపు ముందు ఆ ముల్లు ఎంత? దాన్ని పట్టించుకోలేదు.

"ఆరో నంబరు పట్టీ తొమ్మిదిదేమో సార్. అదే అయితే మందు ఆ ప్రొటీన్‌ని మాయం చెయ్యట్లేదు. పెంచుతోంది. మనం రాసిందానికి సరిగ్గా తలకిందులు. తోక ఎందుకు రావట్లేదో మనకి అసలు తెలీదన్నమాట."

"ఒక్క పట్టీ. మిగతా అయిదు బొమ్మలూ సరైనవే."

"ఆ ఒక్క పట్టీ చూసే కదా సార్ ఒప్పుకున్నారు!"

"నెమ్మదిగా మాట్లాడు. పక్కన పిల్లలు వింటారు." సార్ లేచి తలుపు దగ్గరగా వేశారు. "ప్రూఫులంటే ఏంటమ్మా? అక్షరాలు దిద్దుకోమని పంపుతారు. ఫలితాలు దిద్దుకోమని కాదు."

"ఒక్క నెల అడుగుదాం సార్. చేపల్ని మళ్ళీ పెడతాను. రాత్రీపగలూ ఇక్కడే ఉంటాను."

"తోక రావడానికి ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు."

"నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఇంకా ఎన్ని రోజులుంది?"

తోకమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "తొమ్మిది" అంది. తిరగేసి చూసుకుంటే ఆరే, ఇంకా తక్కువ. నవ్వొచ్చే సంగతే గానీ ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

సార్ గొంతు తగ్గించారు. కోప్పడి ఉంటే బాగుండేది, తండ్రిలా మాట్లాడటం మొదలుపెట్టారు. పేపరు లేకపోతే థీసిస్ తీసుకోరు. తీసుకోకపోతే ఈ నెలాఖరుకి ఆమె విద్యార్థి కూడా కాదు. ఆరేళ్ళు ఏం చేశావంటే చూపించడానికి ఒక కాగితం ఉండదు. ఈ ఏడాది ఒక్క పేపరైనా రాకపోతే ఈ గదులు వేరే విభాగానికి ఇచ్చేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. తొట్లు ఎవరు తీసుకుంటారో, చేపలు ఏమవుతాయో. చేపల్ని చూసుకునే బాబాయికి ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది, ఆయన ఎక్కడికి పోతాడు?

"నాకు తెలుసు సార్. అవన్నీ నాకు తెలుసు." ఆమె ఏడుస్తోంది, దాచుకోవట్లేదు. "కానీ ఇది చదివి ఎవరో ఇంకో ఆరేళ్ళు పెడతారు సార్. నాలాంటిదే ఎవరో. మందు ప్రొటీన్‌ని చంపుతుందనుకుని దాని మీద కట్టుకుంటూ పోతుంది. ఒకరోజు అంతా కూలుతుంది. ఎందుకు కూలిందో కూడా దానికి తెలీదు."

సార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. మగ్గులో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. "నాకు పన్నెండింటి నుంచి మీటింగు" అన్నారు చివరికి. "అయిదింటి దాకా టైముంది కదా. ఆలోచించుకో. నేనూ ఆలోచిస్తాను."

ఏడవటానికి ఆ భవనంలో ఉన్నది ఒక్కటే చోటు, చేపల గది. పంపుల గుడగుడలో ఏ చప్పుడూ బయటికి పోదు. బాబాయి నిచ్చెన మెట్టు మీద కూర్చుని పై వరస తొట్లకి మేత వేస్తున్నాడు. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. ఈ ల్యాబ్ పెట్టినప్పటి నుంచీ ఉన్నాడు. ఏ ఫ్రీజర్లో ఏ డబ్బా ఉందో ఆయనకి తప్ప దేవుడికి కూడా తెలీదు.

"అమ్మాయ్, ఇవి మంచినీళ్ళ చేపలు. ఉప్పునీళ్ళు పడవు. తొట్టికి కొంచెం అవతలగా నిలబడి ఏడువు."

ఆ మాటకి నవ్వబోయి ఇంకా ఎక్కువ ఏడ్చింది. బాబాయి దిగొచ్చి, మేత డబ్బా మూతపెట్టి, చేతులు కడుక్కుని, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారే అడిగాడు, "గీత పెట్టలేదా? నువ్వా?" అని. ఆ అడగడంలో తిట్టు లేదు. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

"జ్వరంతో ఉన్నాను బాబాయ్."

"ఆ సీసాలు ఉన్నాయిగా. చూసుకుంటే సరిపోలా?"

"ఉన్నాయా ఇంకా?"

"నేనేదీ పారెయ్యను తల్లీ. మా ఇంటావిడ తిట్టేది కూడా దీనికే."

తాళాలగుత్తి తీసి ముందు నడిచాడు. పెద్ద ఫ్రీజర్ తలుపు తెరిస్తే తెల్లటి పొగ కాళ్ళ మీదికి దిగింది. మందపాటి తొడుగులు వేసుకుని, మూడో అర లాగి, వెనక నుంచి ఒక అట్టడబ్బా తీశాడు. మీద తోకమ్మ రాతే, అయిదు నెలల కిందటి తారీఖు. ఐసు నింపిన ప్లాస్టిక్ గ్లాసు పక్కన పెట్టుకున్నాడు.

డబ్బా తెరిచాడు. లోపల గళ్ళలో పన్నెండు చిన్న సీసాలు. మూతల మీద మంచు పేరుకుని ఏ అంకే కనబడటం లేదు. బొటనవేలితో ఒక్కొక్కటీ తుడుచుకుంటూ వచ్చాడు. ఒకటి. రెండు. అయిదు. ఆరో గడిలోది తుడిచి, కళ్ళు చికిలించి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు.

"ఊరికే హడలిచచ్చావు కదమ్మా. గీత ఉందిగా!"

తోకమ్మ వంగి చూసింది. గీత ఉంది. ప్రూఫు కాగితం తీసి పక్కన పెట్టింది. ఫొటోలో గీత లేదు. అదే సీసా, అదే అంకె, మూత అంచున అదే చిన్న సొట్ట. అయిదు నెలల కిందట ఫొటో తీసినప్పుడు లేని గీత ఫ్రీజర్లో ఉండి ఉండి మొలిచింది. చేప తోక మొలవడానికి ఆరేళ్ళుగా కారణం వెతుకుతున్న మనిషికి ఇది కొత్త.

ఆ గీత అంకె కింద లేదు, నెత్తిన ఉంది. బాబాయి సీసాని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పాడు. గీత కిందికొచ్చింది. పైన కర్ర మింగినట్టు నిటారుగా తొమ్మిది నిలబడింది. తొమ్మిదో గడిలో సీసా తుడిచాడు. అక్కడా గీత. తిప్పితే నడుం వంగిన ఆరు.

అక్క చెప్పింది చెప్పినట్టే ఉంది. అయితే తోకమ్మని నిలబెట్టేసింది అది కాదు. అంకెలు నల్ల మార్కరుతో ఉన్నాయి. గీతలు రెండూ ఆకుపచ్చగా ఉన్నాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ భవనంలో ఆకుపచ్చ పెన్ను జేబులో పెట్టుకు తిరిగేది ఒక్కరే.

"ఈ గీత కట్టుబాటు ఆయన పెట్టిందే" అన్నాడు బాబాయి. "కొత్తలో నేనోసారి మర్చిపోతే, పన్నెండు రోజుల పని కాలవలో పోయింది. అప్పట్నుంచి ఎక్కడ గీత లేని ఆరు కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు. క్యాలెండర్లో తొమ్మిదో తారీఖు కింద కూడా గీస్తాడు, చూశావా ఎప్పుడైనా?"

పొద్దున్న గుచ్చుకున్న ముల్లు ఇప్పుడు దిగింది. ఆమె ఆరు, తొమ్మిది అని మాత్రమే అంది. ఆ వెనక పేజీల్లో పట్టికలున్నాయి, లెక్కలున్నాయి, అన్నిట్లోనూ ఆర్లూ తొమ్మిదులూ ఉన్నాయి. మూతలని ఆమె అనలేదు. ఫొటో అని అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే సార్ భుజాలు తడుముకున్నారు.

"ఆయనకి ముందే తెలుసు బాబాయ్."

"నాకు భయంగా ఉంది తల్లీ, దాచేదేముంది" అన్నాడు బాబాయి. రెండు సీసాలూ తీసి ఐసులో గుచ్చాడు. "నన్నెవరైనా అడిగితే నేను చూశాననే చెప్తాను. అడక్కపోతే మాత్రం నా అంతట నేను చెప్పలేను. నాలుగేళ్ళుంది నాకింకా. ఇంత పిరికిగా ఉన్నందుకు ఏమీ అనుకోకు."

సార్ మీటింగు తెమల్లేదు. పన్నెండయింది, రెండయింది, మూడున్నరయింది. తోకమ్మ ఆయన గది బయట బెంచీ మీద ఐసు గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండుసార్లు ఐసు మార్చింది. మనసులో సార్‌ని ఎన్ని మాటలనాలో అన్నీ అనుకుంది. వాటిల్లో ఒక్కటీ నిలవలేదు. మొదటి నోటుపుస్తకం దిద్ది ఇచ్చినప్పుడు ఆయన అట్ట మీద "బాగా చూస్తావు, ఇలాగే చూడు" అని ఆకుపచ్చగా రాశారు. ఆ పుస్తకం ఇప్పటికీ ఆమె దిండు పక్కనే ఉంటుంది.

నాలుగింటికి అక్క ఫోన్ చేసింది.

"ఏమైందే?"

"ఇంకా ఏం కాలేదక్కా. కూర్చున్నా."

"కూర్చుంటే కాదు. మా దగ్గర ఒక మాటుంది చూడు, అచ్చు కాకముందు దిద్దితే అది దిద్దుబాటు, ఎవడికీ తెలీదు. అచ్చయ్యాక దిద్దితే తప్పొప్పుల పట్టిక, అందరికీ తెలుస్తుంది. ఆ మిషను తిరగక ముందే లేవవే బంగారం. ఏదైతే అదైంది, మనం బతకలేమా?"

అక్క ఆరేళ్ళుగా అద్దె కడుతూ, కూర వండుతూ, "మా చెల్లెలు సైంటిస్టు" అని అచ్చాఫీసులో అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. ఆ మాట ఎలా వెనక్కి తీసుకుంటుంది?

నాలుగున్నరకి సార్ వచ్చారు. ఐసు గ్లాసు చూశారు. అది ఏంటని అడగలేదు. గది తలుపు తెరిచి, ఆమె లోపలికి వచ్చేదాకా పట్టుకుని నిలబడి, తర్వాత వేశారు.

"మూతల మీద మంచు తుడిచావా?"

"బాబాయి తుడిచాడు." గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎప్పుడు గీశారు సార్?"

సార్ కుర్చీలో కూలబడ్డారు. పొద్దున్న తండ్రిలా మాట్లాడిన మనిషి ఇప్పుడు తాతలా కనబడ్డారు.

"రివ్యూయర్లకి జవాబు పంపే ముందురోజు. ఫొటోలో గీతలు లేవేంటని ఫ్రీజర్ తెరిచాను. ఆరేళ్ళు నీ నోటుపుస్తకాలు దిద్దినవాణ్ణి, నీ తొమ్మిది నాకు తెలీదా? చూడగానే తెలిసింది. చెయ్యి దానంతట అదే గీత పెట్టేసింది."

"గీత పెట్టిన చెయ్యి నాకో మాట చెప్పలేకపోయిందా సార్?"

"చెప్దామనే వచ్చాను. నువ్వు చేపల గదిలో బాబాయితో నవ్వుతున్నావు. జ్వరం నుంచి అప్పుడే లేచావు, మొహం పీక్కుపోయి ఉంది. నన్ను చూసి 'ఈసారి తప్పకుండా ఒప్పుకుంటారు సార్' అన్నావు. వెనక్కి వచ్చేశాను."

"నా మీద జాలిపడ్డారా?"

"అలా చెప్పుకున్నాను." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నా మీద నేనే జాలిపడ్డానమ్మా. గదులు తీసేసుకుంటామన్న కాగితం కూడా ఆ రోజే వచ్చింది."

సొరుగు లాగి ఒక కాగితం తీసి ఆమె ముందుకి జరిపారు. ఎడిటర్‌కి ఉత్తరం. తారీఖు ఉండాల్సిన చోట ఖాళీ. "మేము పంపిన పేపరులో ముఖ్యమైన ఫలితం ఒకటి తలకిందులైంది. సీసా మూతల మీద అంకెల కింద గీత పెట్టడం మొదటి రచయిత మరిచిపోవడం వల్ల రెండు నమూనాలు తారుమారయ్యాయి. ఈ సంగతి నాకు ఈరోజే తెలిసింది. పేపరును వెనక్కి తీసుకోవడానికి అనుమతించండి."

"ఆ రాత్రే రాశాను" అన్నారు సార్. "రోజూ పంపుదామనుకునేవాణ్ణి."

తోకమ్మ రెండుసార్లు చదివింది. మొదటి రచయిత తనే. మరిచిపోయిందీ తనే. అంతవరకు ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. చేతిసంచీలోంచి అక్క ఎర్ర పెన్ను తీసి, "ఈరోజే" అన్న మాట కింద గీత గీసింది. గట్టిగా, కాగితం వెనక్కి దిగేలా గీసింది.

సార్ ఆ గీత వైపు చూశారు. "రాసినరోజు అది నిజమే."

"నిజమే సార్. అయిదు నెలలు సొరుగులో పెడితే అబద్ధమైంది." ఆమె పెన్నుకి మూత పెట్టింది. "గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆ ఒక్క మాట మార్చి పంపండి. నా తప్పు గురించి రాసింది అలాగే ఉండనీయండి. నా డిగ్రీ పోతే పోతుంది. మీకు దణ్ణం పెడతాను సార్, ఇప్పుడే పంపండి."

సార్ గడియారం వైపు చూడలేదు.

"ఇరవై నిమిషాలు లేవమ్మా."

"నాలుగూ నలభయ్యే కదా సార్!"

"పొద్దున తొమ్మిదిన్నరకే ప్రూఫులు సరేనని పంపేశాను. నువ్వు తలుపు తట్టేటప్పటికే అయిపోయింది."

ఆమె ఏడుపు, బతిమాలటం, ఫ్రీజరు, బెంచీ మీద నాలుగ్గంటలు, రెండుసార్లు మార్చిన ఐసు. పాము ఎప్పుడో పోయింది, ఆమె రోజంతా అది పాకిన చారని కొడుతూ కూర్చుంది. తోకమ్మకి కోపం కూడా రాలేదు. కోపం రావడానికి కాళ్ళ కింద కొంచెం నేల ఉండాలి.

అప్పుడే పక్కగదిలో ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. ఎవరో బల్ల మీద దరువేస్తున్నారు. "తోకమ్మా! ఎక్కడున్నావే! వచ్చేసింది! పేపరు వచ్చేసింది!" కారిడార్లో పరుగులు. సార్ కంప్యూటర్ టింగుమంది. జర్నల్ నుంచి మెయిల్. "మీ పేపరు ఇప్పుడే వెలువడింది. అభినందనలు."

అందరికంటే ముందు ఆమె పేరు ఉంది. ఆరేళ్ళుగా ఆ పేరు అక్కడ ఎలా కనబడుతుందోనని ఎన్నిసార్లు ఊహించుకుందో. ఆమె మౌసు అందుకుని చివరి పేజీకి వెళ్ళింది. ఫొటో రంగుల్లో, చక్కగా, పెద్దగా వచ్చింది. ఆరో చోట తలకిందులుగా నిలబడ్డ తొమ్మిది.

ఎవరో తలుపు తడుతున్నారు. "సార్, తోకమ్మ ఇక్కడుందా?" సార్ "తర్వాత రండి" అన్నారు. అడుగులు దూరమయ్యాయి, నవ్వులు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.

దిద్దుబాటుకి కాలం అయిపోయింది, ఇక మిగిలింది తప్పొప్పుల పట్టిక. తోకమ్మ కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి తన ల్యాప్‌టాప్ తీసి, సార్ బల్ల మీదే ఒక మూల పెట్టుకుంది. ఎడిటర్ చిరునామా కొట్టింది. వేళ్ళు ఐసు పట్టుకుని పట్టుకుని మొద్దుబారాయి, అక్షరాలు తప్పుతున్నాయి, దిద్దుకుంటూ కొట్టింది.

"ఈరోజు మీరు ప్రచురించిన మా పేపరులో ఆరు అని చూపించింది తొమ్మిది. తొమ్మిది అని చూపించింది ఆరు. మూతల మీద గీతలు పెట్టనిది నేనే. ఈ సంగతి నాకు ఈ ఉదయం తెలిసింది. మా సార్‌కి"

అక్కడ ఆగింది. నిజం రాస్తే సార్ పోతారు, ల్యాబ్ పోతుంది, బాబాయి పోతాడు. రాయకపోతే ఆ ఉత్తరం కూడా సొరుగులో ఉత్తరం లాంటిదే అవుతుంది.

వెనక కుర్చీ జరిగింది. సార్ లేచి వచ్చి ఆమె భుజం వెనక నిలబడి తెర మీదున్నది చదివారు. చివరి మాట దాకా చదివారు. తర్వాత చెయ్యి చాచి, వారంరోజులుగా బల్ల మీద పడి ఉన్న ఆమె థీసిస్ ఫారం తీసుకుని, ల్యాప్‌టాప్ పక్కనే పరిచారు. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశారు. సంతకం పెట్టాల్సిన చుక్కల గీత మీద మొన ఆనించారు, కానీ సంతకం పెట్టలేదు.

"ఆపేశావేమ్మా?" అన్నారు. అది బెదిరింపో బతిమాలటమో ఆ గొంతుని బట్టి ఎవరూ చెప్పలేరు. "రాయి. నాకు ఎప్పుడు తెలిసిందని రాస్తావో, రాయి."